సైరన్ కూసేసరికి కంచం ముందుండాలి

మా ఇంట్లో నలుగురం. రాత్రి భోజనాలు కూడా నాలుగే. దీనివల్ల ఎవరికైనా నష్టం జరుగుతోందన్న సంగతి కుటుంబానంద శాఖ వారు వచ్చి చెప్పేదాకా మాకు తెలీదు.

మా అమ్మ రాత్రిపూట అన్నం తినదు. రెండు దోసెలు తింటుంది. అవి పెనం మీంచి నేరుగా కంచంలోకి పడాలి. మధ్యలో మూత కింద క్షణం ఆగినా సరే, దాన్ని ఆవిడ దోసెగా గుర్తించదు. నేను టీవీ ముందు కూర్చుని, వార్తల్లో నలుగురు అరుచుకుంటుంటే ఆ ఊపులో తినేస్తాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు ముద్ద దిగదు. మా అమ్మాయి స్ఫూర్తి ఇంజనీరింగు చదువుతోంది. ఫోనుని మంచినీళ్ళ చెంబుకి ఆనించి, దాన్ని చూస్తూ తింటుంది. ఏం కూర తిన్నావే అని అడిగితే, "తిన్నాను కదా" అంటుంది.

ఇక మా ఆవిడ రాజ్యం. అందరి తిండ్లూ అయ్యాక, స్టవ్ తుడిచి, వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఆ పూట వేపుడు చేసిన మూకుణ్ణి అప్పటిదాకా సింకులో పడనివ్వదు. దొండకాయో బెండకాయో, కూరంతా మా కంచాల్లోకి వెళ్ళిపోయాక మూకుడికి అంటుకుని కాస్త కారం, కాస్త మాడు, నూనె, బాగా వేగిన వెల్లుల్లి రెబ్బలు మిగులుతాయి చూశారూ, అందులో వేడన్నం వేసి, చుట్టూ తుడిచి కలుపుకుని, పీట మీద కూర్చుని, ఒక్కతే, మెల్లిగా తింటుంది. ఆ అరగంటలో చుట్టాలొచ్చినా, గ్యాసు బండ వచ్చినా, నా కళ్ళజోడు కనపడకపోయినా పలకదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తలుపు తోశాను.

"పొద్దుణ్ణుంచీ మీ అందరిదాన్నీ. ఈ కాసేపూ నన్నొదిలెయ్యండి" అంది.

వదిలేశాను. మా సంసారం అలా నడిచిపోతోంది.

ఇలా ఉండగా కుటుంబానంద శాఖ పెద్దలంతా ఏదో కొండ మీద హోటల్లో సదస్సు పెట్టుకున్నారు. అందరూ కలిసి కూర్చుని తినే ఇళ్ళలో ఆనందం ఎక్కువని అక్కడ తేలింది. సదస్సులో భోజనాలు బఫే పద్ధతి కాబట్టి, ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని, నిలబడే తేల్చారు. కొండ దిగేసరికి 'సాయంకాల సార్థక సహపంక్తి పథకం' తయారైంది. ముందుగా మునిసిపల్ ఉద్యోగుల ఇళ్ళలో అమలు చేసి ఊరికి ఆదర్శం చూపించాలన్నారు. నేను నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేకపోయినా ఆదర్శం చూపించక తప్పదు.

ప్రాంతీయ సహపంక్తి అధికారి తాతపూడి చక్రధరరావు గారు ఓ సాయంత్రం మా ఇంటికొచ్చారు. బక్కగా ఉంటారు. ఆయన మామూలుగా దగ్గినా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది.

"సోమసుందరం గారూ, మీ గృహ యూనిట్లో భోజన విచ్ఛిన్నత ఆందోళనకర స్థాయిలో ఉంది" అన్నారు, సోఫాలో కూర్చుంటూ.

"అయ్యో. మందులేమైనా వాడాలా బాబూ?" అంది మా అమ్మ.

"పక్కపక్కన కూర్చోవాలమ్మా. అదే మందు."

రాజ్యం కాఫీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుంటూ, "గృహిణి చివర్న భుజించడానికి కారణమేమిటి?" అన్నారు.

"నాకలా బావుంటుందండి."

"అలా బావుండటమే వెనకబాటుతనం తల్లీ. మిమ్మల్ని అందరితోపాటు కూర్చోబెట్టి సమాన హోదా కల్పించడం పథకం ప్రధానోద్దేశం."

"హోదా వద్దండి. ఆ అరగంటా ఒక్కదాన్నీ ఉండనిస్తే చాలు."

చక్రధరరావు గారు కాఫీ తాగడం ఆపి ఆలోచించారు. "ఒంటరిగా ఉండటానికి పథకంలో వెసులుబాటు లేదమ్మా."

"పోనీ వాళ్ళతో ఊరికే కూర్చుని, తర్వాత తింటాను."

"అది ద్వితీయ భోజనం కింద వస్తుంది. ఉల్లంఘన."

నేను గొంతు సవరించుకున్నాను. "ఆదర్శంగా లేని ఉద్యోగుల్ని ఏం చేస్తారండీ?"

"శిక్షలేమీ లేవు. ఆదర్శం ఎక్కువ అవసరమున్న ప్రాంతాలకి పంపుతాం."

ఆ ప్రాంతాలెక్కడుంటాయో నాకు తెలుసు. అక్కడికి వెళ్ళే బస్సు కూడా సగం దారిలో మనసు మార్చుకుంటుంది.

"రాజ్యం, కూర్చుందాం" అన్నాను.

రాజ్యం నాకేసి చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. పిల్లలు కూడా చదువుతారు.

పద్ధతి చాలా తేలిక. ఎనిమిదింటికి మునిసిపాలిటీ సైరన్ కూస్తుంది. ఇంటిల్లిపాదీ కంచాల ముందు కూర్చోవాలి. రెండో సైరన్ కూసేదాకా ఎవరూ లేవకూడదు. టీవీ, ఫోను మూసెయ్యాలి. మౌనంగా తినకూడదు. శాఖ వారిచ్చిన అంశం మీద అర్థవంతంగా మాట్లాడుకుంటూ తినాలి.

మొదటిరోజు చక్రధరరావు గారు స్వయంగా వచ్చి గోడవార నిలబడ్డారు. సైరన్ కూసింది. నలుగురం వరసగా కూర్చున్నాం. ఆనాటి అంశం 'జీవనదులు, మన బాధ్యత'.

"తిండి ఏదే రాజ్యం?" అంది మా అమ్మ.

"వంటింట్లో ఉంది అత్తయ్యా."

"తే మరి."

రాజ్యం లేవబోయింది.

"లేవకండి!" అని అరిచారు చక్రధరరావు గారు. "మీకు సమాన హోదా వచ్చేసిందమ్మా. ఇప్పుడు లేస్తే పోతుంది."

"పోనీ నేను తెస్తాను" అన్నాను.

ఆ మాటకి అమ్మ, రాజ్యం, స్ఫూర్తి ముగ్గురూ ఒకేసారి పగలబడి నవ్వారు. పథకం వల్ల మా ఇంట్లో పుట్టిన మొదటి ఆనందం అదే.

"సార్, మీరు నిలబడే ఉన్నారుగా. మీరు తెచ్చేయొచ్చుగా?" అంది స్ఫూర్తి.

"నేను పరిశీలకుణ్ణి పాపా. అన్నం ముట్టుకుంటే నా నిష్పాక్షికత దెబ్బతింటుంది."

ఖాళీ కంచాల ముందు కూర్చుని నదుల గురించి మాట్లాడుకున్నాం. స్ఫూర్తికి రెండు నదులు తెలుసు. మా అమ్మకి పుష్కరాలు మాత్రమే తెలుసు. రెండో సైరన్ కూశాక చక్రధరరావు గారు తృప్తిగా తలాడించారు.

"చర్చ ఆశాజనకం. ఆహారం మాత్రం పరిశీలనకి రాలేదు" అన్నారు.

మర్నాడు రాజ్యం సైరన్‌కి ముందే గిన్నెలన్నీ తెచ్చి మధ్యలో పెట్టింది. పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ చేతికందేలా ఉన్నాయి. మా అమ్మ దోసె ఒక్కటే కుదర్లేదు.

"చల్లారిపోయిందిది."

"ఇప్పుడేగా వేశాను అత్తయ్యా. సైరన్ కూస్తుంటే తీశాను."

"సైరన్ వేడిగా ఉందేమో గానీ, దోసె లేదు."

చక్రధరరావు గారు వంగి, దోసెని వేలి వెనకవైపుతో తాకి, కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఇది మౌలిక సమస్య" అన్నారు. "దోసె వేడిగా రావాలంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి. ఎవరు నిలబడినా పంక్తి చెడుతుంది."

"అమ్మా, పోనీ నువ్వు దోసెలు మానేసి..." అన్నాను.

"మీ నాన్న పులిలాంటివాడు. ఆయనే అనలేదురా ఆ మాట."

"వృద్ధుల దోసెల జోలికి శాఖ వెళ్ళదు" అన్నారు చక్రధరరావు గారు గబగబా. "పైనుంచి స్పష్టత తెప్పిస్తాను."

ఆయన వెళ్ళాక రాజ్యం వంటింట్లోకి పోయి మూకుట్లో రెండు ముద్దల అన్నం వేసుకుంది.

"అమ్మా, ద్వితీయ భోజనం" అని గుమ్మంలోంచి గుర్తుచేసింది స్ఫూర్తి. "నాన్నని బస్సెక్కించేస్తారు."

రాజ్యం ఆ అన్నం తీసి పక్కన పెట్టి మూకుడు తోమేసింది. తోమిన తోముడికి దాని చెవి ఒకటి ఊడొచ్చింది.

పైనుంచి స్పష్టత వచ్చింది. పంక్తిలో ఉన్నవాడు లేవకూడదు కాబట్టి, లేచేవాడు పంక్తిలో లేనివాడై ఉండాలి. అంటే బయటివాడు. అంటే మునిసిపల్ ఉద్యోగి. ఆ విధంగా మా ఇంటికి వడ్డన సహాయకుడిగా పన్నుల విభాగం నుంచి బొండా సన్యాసిరావుని వేశారు. పెద్ద మీసాలు, వాటికి తగ్గ మనిషి. చేతిలో శాఖ ముద్ర వేసిన గరిటె. ఇంటిపన్ను వసూలుకి వచ్చినప్పుడు ఎలా గుమ్మంలో నిలబడతాడో, పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"పప్పండి."

"వద్దయ్యా."

వేశాడు.

"వద్దన్నానా."

మళ్ళీ వేశాడు.

"ఏంటయ్యా, వద్దంటుంటే?"

"మొదటి రెండు వద్దులూ మర్యాద కింద లెక్కండి. మూడోదే నికరం వద్దు. ట్రైనింగులో చెప్పారండి. కొసరి వడ్డించకపోతే ఇంక్రిమెంటు పోద్దంట."

"అయితే వద్దు, వద్దు, వద్దు" అంది స్ఫూర్తి ముందుజాగ్రత్తగా.

"ఒక్క గుక్కలో అంటే ఒకటే వద్దమ్మా" అని పాపం ఆ పిల్లకి గరిటెడు పప్పు వేశాడు.

మా అమ్మ దోసె మాత్రం పెనం మీంచి పొగలు కక్కుతూ వచ్చింది. అట్లకాడ పట్టిన మొదటిరోజే ఆమెచేత మాట అనిపించుకోని మనిషిని నేను చూడటం అదే మొదలు. రాజ్యం నా పక్కన కంచంలో వేళ్ళు కెలుకుతూ కూర్చుంది. ఆనాటి అంశం 'భోజనంలో ఆత్మీయత'. ఏమైనా చెప్పవే అన్నాను.

"వేపుడు మాడలేదు" అంది రాజ్యం. ఆవిడకి అది పెద్ద దుఃఖం.

వెళ్ళేముందు సన్యాసిరావు గుమ్మం దగ్గర ఆగాడు. "ఎనిమిదింటికి నేనిక్కడుంటే అక్కడ నా పీట ఖాళీ అండి. పంక్తి అసంపూర్ణం అని మా ఆవిడకి నోటీసొచ్చింది. నా మీద ఇంతెత్తున లేస్తోందండి. లేవకూడదే అంటే ఇంకా లేస్తోంది."

ఈ చిక్కుముడిని చక్రధరరావు గారు ఒక్క రోజులో విప్పేశారు. అందుకే ఆయన అధికారి, మనం కాదు.

"వడ్డన సేవలో ఉన్న వ్యక్తిని కుటుంబ సంఖ్యలోంచి తాత్కాలికంగా తొలగిస్తున్నాం" అన్నారు మా ఆఫీసు మీటింగులో. "ఇంట్లో లేనివాడు కుటుంబంలోనే లేనప్పుడు, ఉన్నవాళ్ళు కూర్చుంటే పంక్తి సంపూర్ణం. ఇప్పుడు సన్యాసిరావు కుటుంబం నూటికి నూరుపాళ్ళు సంపూర్ణం."

సన్యాసిరావు లేచి దణ్ణం పెట్టాడు. తర్వాత ఆలోచించి కూర్చున్నాడు.

ఈ వెసులుబాటు దొరికాక ఇక అడ్డేముంది? పథకాన్ని ఊరంతటికీ పెట్టేశారు. మనుషుల్ని ఎంతమందినైనా తొలగించవచ్చు. మర్నాటికల్లా నాకూ గరిటె ఇచ్చి, సన్యాసిరావు ఇంటికే వేశారు. సాయంత్రం ఏడున్నర దాటితే మా ఊరి రోడ్లు చూడాలి. ఆ వీధి మగాళ్ళు ఈ వీధికి, ఈ వీధి మగాళ్ళు ఆ వీధికి, గరిటెలు పట్టుకుని స్కూటర్ల మీద. సర్కిల్ దగ్గర జామ్ అయితే గరిటెలు ఊపి దారి అడుక్కోవడం. పోలీసాయన కూడా గరిటెతోనే చెయ్యి చూపించేవాడు, ఆయనకీ డ్యూటీ ఉందిగా.

సన్యాసిరావు భార్య నూకరత్నం నన్ను మొదటిరోజే పట్టేసింది.

"ఏం సారూ, చారు పొయ్యమంటే గరిటె చివర చూపిత్తారేంటి? మీ ఇంట్లో ఎప్పుడూ వడ్డించలేదేంటి?"

"లేదమ్మా."

"తెలుత్తానే ఉంది. అన్నం గిన్నెలో చారు గరిటె పెట్టేశారు. ఆ చేత్తోనే పెరుగు ముట్టుకోకండి! అయ్యో రామా! మీకు మీ ఆవిడ ఇన్నేళ్ళూ ఎలా పెట్టిందండీ అన్నం?"

"కంచంలో పెట్టిందమ్మా" అన్నాను. నాకు అంతవరకే తెలుసు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వడ్డించినవాడు ఎప్పుడు తినాలో ఉత్తర్వులో లేదు. పంక్తిలో తినకూడదు, పంక్తి అయ్యాక తింటే ద్వితీయ భోజనం. అడిగితే, మధ్యాహ్నం దిట్టంగా తినమన్నారు చక్రధరరావు గారు. అందరికీ వడ్డించి, వాసన పీల్చి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేవాణ్ణి. ఈ సంగతి రాజ్యంతో చెప్పి, "అందరూ తింటుంటే చూస్తూ నిలబడటం ఎంత కష్టమో నీకు తెలీదు" అన్నాను.

"పాపం" అంది రాజ్యం.

ఈలోగా కొత్త కొరత ఒకటి బయటపడింది. చాలా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాల దగ్గర మాటలు అయిపోతున్నాయి. 'పర్యావరణం' అంటే ఇద్దరూ 'అవును' అని ఊరుకుంటున్నారు. అందుకని కాలేజీ పిల్లల్ని అర్థవంత సంభాషణ సహాయకులుగా వేశారు. స్ఫూర్తిని కోమటి వీధిలో ఓ డాక్టరు గారింటికి పంపారు. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, "ఇవాళ మీ రోజు ఎలా గడిచింది అంకుల్?" అని అడగాలి. మొదటిరోజు ఆయన ఏడ్చాడట. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట. రెండోరోజు ఫీజు తీసుకోకుండా దానికి బీపీ చూశాడు.

తర్వాత పెద్దదిక్కు కొరత. పథకం ప్రకారం ప్రతి పంక్తిలోనూ ఓ పెద్ద ఉండాలి. లేని ఇళ్ళకి ఉన్న ఇళ్ళ నుంచి సర్దాలన్నారు. మా అమ్మ కోసం రోజూ ఏడుంబావుకి జీపొచ్చేది. రోజుకో ఇల్లు. వేడి దోసెలు, పైగా విమర్శించే హక్కు అధికారికంగా వచ్చింది.

"నిన్న వెళ్ళిన ఇంట్లో ఆ పిల్ల సాంబారులో బెల్లం వేసిందే రాజ్యం. కడిగేశాను. లేచి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది, లేవకూడదుగా, కూర్చునే పెట్టింది."

అలా నన్ను, స్ఫూర్తిని, మా అమ్మని ఒకరి తర్వాత ఒకర్ని కుటుంబంలోంచి తొలగించగా మా ఇంట్లో కుటుంబం అంటే రాజ్యం ఒక్కతే మిగిలింది. ఒక్కరే ఉన్న ఇంటికి వడ్డన సహాయకుడు గానీ, సంభాషణ సహాయకుడు గానీ, పెద్దదిక్కు గానీ రారు, నిబంధన ఒప్పుకోదు. కాబట్టి సన్యాసిరావు కూడా వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి సైరన్ కూయగానే రాజ్యం వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని, ఒంటిచెవి మూకుట్లో అన్నం కలుపుకుని, పీట మీద కూర్చుని, చట్టబద్ధంగా, ప్రభుత్వ ప్రోత్సాహంతో తినేది.

మనిషిలో కళ వచ్చింది. సాయంత్రం కాగానే నా చుట్టూ తిరిగేది. "టైమవుతోంది, బయల్దేరండి. గరిటె పెట్టుకున్నారా? అత్తయ్యా, జీపు హారన్ కొడుతున్నాడు." మా పెళ్ళయ్యాక నన్ను ఇంత ప్రేమగా ఎప్పుడూ సాగనంపలేదు.

అంతా సవ్యంగా జరిగిపోతోందనుకుంటే శాఖ వారు ఉత్తమ కుటుంబ పంక్తిని ఎంపిక చేశారు. మొదటి బహుమతి మా ఇంటికే.

చక్రధరరావు గారు ఆఫీసుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "కుటుంబం యావత్తూ ఒకేసారి కూర్చుంటోంది, ఒకేసారి లేస్తోంది. తగాదా లేదు, ఫోను లేదు. మెతుకు మిగలదు. వండిన పాత్ర తోమక్కర్లేనంత శుభ్రం! ఇలాంటి పంక్తి ఈ ప్రాంతంలోనే లేదు."

"మరి సంభాషణ మాటేంటండి?"

"ఆవిడ తమతో తాము సంపూర్ణ ఏకాభిప్రాయంలో ఉన్నారని నమోదైంది."

"సంతోషమండి."

"అసలు సంతోషం ఇంకా చెప్పలేదు. రేపట్నుంచి రోజూ రాత్రి కొన్ని కుటుంబాల్ని బస్సులో మీ ఇంటికి తీసుకొస్తాం. ఆవిడ తింటుంటే చుట్టూ కూర్చుని చూసి నేర్చుకుంటారు. వంటింటి గోడ ఒకటి పగలగొడితే ఇంకా బాగా కనపడుతుంది."

ఆ సంగతి రాజ్యానికి చెప్పాను. బెండకాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"ఎవరొస్తారు?"

"కుటుంబాలు."

"నేను తింటుంటే చూడ్డానికా?"

"గౌరవమే కదా రాజ్యం."

రాజ్యం మళ్ళీ బెండకాయలు తరగడం మొదలెట్టింది. కాస్త చిన్న ముక్కలు కోసింది. చిన్న ముక్కలైతే బాగా మాడతాయి.

మర్నాడు బహుమతి ప్రదానం. ఫోటోలో కుటుంబం నిండుగా ఉండాలని మా ముగ్గుర్నీ ఒక్కపూటకి కుటుంబంలో పునరుద్ధరించారు. చక్రధరరావు గారు, ఫోటోగ్రాఫరు, ఓ దండ, వెండిపూత కంచం, మా అమ్మ, స్ఫూర్తి, నేను, అందరం శాఖ జీపులో ఎక్కాం. బస్సు కుటుంబాలు వెనక వస్తున్నాయి. సర్కిల్ దగ్గర గరిటెల ట్రాఫిక్కులో ఇరుక్కున్నాం. బస్సు అక్కడే ఉండిపోయింది. మా జీపు ఇంటి ముందు ఆగేసరికి, మేం మెట్లెక్కుతుండగా, సైరన్ కూసేసింది.

తలుపు లోపల గడియ పెట్టుంది.

"రాజ్యం! తలుపు తియ్యి, మేమొచ్చాం."

"సైరనైంది కదండీ" అంది రాజ్యం లోపల్నుంచి. "కూర్చున్నాను."

"అమ్మా, నేను చక్రధరరావుని. మీకు సన్మానం చెయ్యడానికొచ్చాం."

"మీరొచ్చారని లేస్తే ఎలాగండీ? హోదా పోదూ?"

చక్రధరరావు గారు ఫోటోగ్రాఫరు వైపు తిరిగారు. "చూశావా, నిష్ఠ అంటే అదీ" అన్నారు గానీ, గొంతులో ఉత్తర్వు తగ్గింది. "రెండో సైరన్‌కి తీస్తారు. వేచి చూద్దాం."

చూశాం. రెండో సైరన్ కూయలేదు. చాలాసేపు చూశాక ఫోటోగ్రాఫరు ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"సైరన్ వేసే అతన్ని ఇవాళే వడ్డనకి వేశారంట సార్. మొదటిది కూయించి, గరిటె పట్టుకుని పరిగెత్తాడంట."

"ఎవరు వేశారు?"

"మీరే సంతకం పెట్టారంట."

చక్రధరరావు గారు ఊరివైపు చూశారు. ప్రతి ఇంట్లోనూ దీపాలు వెలుగుతున్నాయి. ప్రతి దీపం కిందా ఓ కుటుంబం ఎంగిలి చేత్తో కూర్చుని, చెప్పుకోవడానికి ఏమీ మిగలక, సైరన్ కోసం ఎదురుచూస్తోంది. ఊరంతటిలో ఒక్క మా ఇంట్లోనే తొందర లేదు.

"బాబూ, నాకు నీరసంగా ఉంది" అంది మా అమ్మ. "ఇవాళ ఎవరింటికీ పంపలేదు మీరు."

నాకూ కడుపులో కాలుతోంది. స్ఫూర్తి వీధి చివర పునుగుల బండి దగ్గరికి పోయి ఇంత పొట్లం కట్టించుకొచ్చింది. మెట్ల మీద కూర్చుని కాగితం మధ్యలో పరిచాం. చక్రధరరావు గారు కాసేపు నిలబడి పరిశీలించారు. తర్వాత దండ పక్కన పెట్టి, మా అమ్మ పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు. మొదటి పునుగుకే ఆయన నాలుక కాలింది.

"ఇంట్లో ఏం తింటావు నాయనా రాత్రి?" అంది మా అమ్మ.

"నాకు రోజూ తనిఖీలేనమ్మా. మా ఇంట్లో నన్ను పథకం మొదట్లోనే తొలగించారు."

"అయ్యో. ఇంద, అది మాడినట్టుంది, ఇది తిను."

స్ఫూర్తి డాక్టరు గారి బీపీ మిషను కథ చెప్పింది. ఫోటోగ్రాఫరు తన పెళ్ళిలో ఫోటోలు తీసేవాడు రాక తన ఫోటోలు తనే తీసుకున్న సంగతి చెప్పాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది చక్రధరరావు గారే. నవ్వి, పొలమారి, నా చేతిలో నీళ్ళు లాక్కుని తాగారు.

"సోమసుందరం గారూ" అన్నారు మూతి తుడుచుకుంటూ, "ఇక్కడ సైరన్ లేదు, అంశం లేదు, వడ్డన సహాయకుడు లేడు. పంక్తి కూడా తిన్నగా లేదు. మరి దీన్ని శాఖాపరంగా ఏమనాలంటారు?"

"ఆకలనాలి నాయనా" అంది మా అమ్మ. "ఆ పచ్చడి ఇలా తోయ్."

"అయితే బస్సులో వచ్చే కుటుంబాలకి ఏం చూపించను?"

"ఈ తలుపు చూపించు."

ఆయన తలుపు వైపు చూశారు. తలుపు మూసే ఉంది. లోపల్నుంచి మూకుడు గీకుతున్న చప్పుడు తీరిగ్గా, ఓ చుట్టు, మరో చుట్టు, వినిపిస్తోంది. చక్రధరరావు గారు జేబులోంచి ఫోన్ తీసి, బస్సుని వెనక్కి తిప్పమని మెల్లగా చెప్పారు. తలుపవతలికి వినపడకుండా.

స్ఫూర్తి ఇంకో పొట్లం తేవడానికి లేచింది.